గీత మీద సద్ది డబ్బా

ముందుగా నాకు జరిగిన అన్యాయాలు, నా నోటుపుస్తకంలో ఉన్న వరుసలోనే.

ఆగస్టు 5. షోరూము విడిభాగాల కౌంటరు. బండి ఛాసిస్ నంబరు, మోడలు, తయారైన సంవత్సరం స్పష్టంగా కాగితం మీద రాసి ఇచ్చాను. కౌంటరులోని వ్యక్తి కంప్యూటరు నుంచి తల ఎత్తకుండా నన్ను నలభై నిమిషాలు నిలబెట్టి, వెనక బ్రేకు షూలు మూడు రోజులకు వస్తాయన్నాడు. బాధ్యులు: షోరూము.

ఆగస్టు 6. బండిని ఇప్పించిన మధ్యవర్తికి ఫోను చేశాను. "అమ్మినంక మాకేం సంబంధం పెద్దమనిషీ" అని పెట్టేశాడు. బాధ్యులు: మధ్యవర్తి.

ఆగస్టు 8. షూలు వచ్చాయి. తొర్రూరు తీసుకుపోయి బిగించబోతే కూర్చోలేదు. వెనక్కి తీసుకోమంటే, డబ్బా సీలు తీశారు కనుక కుదరదన్నారు. బాధ్యులు: షోరూము.

ఆగస్టు 9. బస్టాండు వెనక దుకాణంలో అదే నంబరు షూలు, తక్కువ ధరకు. అసలు సామానేనని యజమాని ఒట్టు పెట్టాడు. రాఖీనాటి బస్సులో తొర్రూరు దాకా నిలబడి పోయాను. అవీ కూర్చోలేదు. బాధ్యులు: దుకాణదారు.

ఆగస్టు 11. ఫోనులో తెప్పించిన మూడో జత. అదే కథ. బాధ్యులు: అమ్మినవారు.

ఆగస్టు 12. వరంగల్‌లో యాకూబ్ అనే అతని పాత సామాను దుకాణం. "పాత షూ తెస్తేనే కొత్తదాని ముచ్చట" అని నలుగురి ముందు నన్ను తిప్పి పంపాడు. బాధ్యులు: యాకూబ్.

ఆగస్టు 13. అదే దుకాణం, అదే జవాబు. పైగా చాయ్ తాగి పొమ్మన్నాడు. బాధ్యులు: యాకూబ్.

ఆగస్టు 14, గురువారం. ప్రభాకర్‌కు డయాలసిస్ తప్పింది. బాధ్యులు:

ఎనిమిదో అంశం దగ్గర నా కలం ఆగింది. బస్సుల వర్క్‌షాపులో బ్రేకుల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగాను. ఆ కాలమంతా నోటుపుస్తకం రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. నా పద్ధతి ఒకటే. కుడి పేజీలో జరిగినది రాస్తాను. ఎడమ పేజీ అవతలివారి జవాబు కోసం వదిలిపెడతాను. ఎడమ పేజీల్లో ఎక్కువ ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ జవాబు చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు, పని అంటే ఏమిటో రాసిపెట్టమని నన్ను అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి రాయను. వాటి వల్ల ఏ బండీ ఆగలేదు. ఈ ఆగస్టు నెలలో జరిగింది రాస్తాను. పని గురించి నాకు తెలిసినదంతా అందులో వచ్చింది, తెలియనిది కూడా.

బండి ఎవరిది, ఎందుకు

సుజాత నా చెల్లెలి కూతురు. తొర్రూరులో ఉంటుంది. ఆమె భర్త ప్రభాకర్ తొమ్మిది మంది కూర్చునే ఒక పాత బండిని కొని పెళ్లిళ్లకూ మార్కెట్టుకూ తిప్పేవాడు. కిడ్నీలు చెడిన తర్వాత స్టీరింగు పట్టుకోవడం అతనివల్ల కాలేదు. సుజాత డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. సోమవారం, గురువారం పొద్దున ఆరింటికి ప్రభాకర్‌నూ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అదే జబ్బున్న మరో ముగ్గురినీ ఎక్కించుకొని హనుమకొండ దవాఖానకు తీసుకువస్తుంది. నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం మీద ఉంచి, మళ్లీ ఇళ్లకు చేరుస్తుంది.

పోయేటప్పుడు బస్సులోనైనా పోవచ్చు. వచ్చేటప్పుడే కష్టం. యంత్రం మీది నుంచి లేచిన మనిషికి తల తిరుగుతుంది, కాళ్లు నిలవవు. ఆ మనిషిని కిక్కిరిసిన బస్సులో నిలబెట్టలేము. అందువల్ల ఆ బండి వాళ్లకు వాహనం మాత్రమే కాదు, వైద్యంలో సగం.

ఆగస్టు 4 సాయంత్రం సుజాత ఫోను చేసింది.

"మామా, ఎనుక చక్రంల గర్రుగర్రుమంటాంది. బ్రేకు తొక్కితె ఇనుముతోని ఇనుము గీకినట్టున్నది."

"ఆపెయ్. ఒక్క అడుగు గూడ నడపకు. పొద్దుగాల నేనొస్త."

మర్నాడు తెల్లవారగానే పోయి చక్రాలు విప్పాను. బ్రేకు షూ అంటే వంపు తిరిగిన ఇనుప రేకు. దాని వీపు మీద లైనరు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ లైనరు డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకొని చక్రాన్ని ఆపుతుంది. ఈ బండి లైనరు పూర్తిగా అరిగి రివెట్లు తేలాయి. బండిని రాళ్ల మీద నిలబెట్టాను.

"ఈడ శంకర్ మెకానిక్కు ఉన్నడు గద మామా, ఆయనకు చూపియ్యనా?" అని సుజాత అడిగింది.

"ముప్పై నాలుగేండ్లు ఇదే పని చేసిన. నాలుగు రోజులల్ల చేసిస్త. ఇంకోని చెయ్యి పడనియ్యకు."

సుజాత ప్రభాకర్ వైపు చూసింది. అతను నవ్వి, "మామ మాటంటె మాటే. గురువారానికి ఎవరిదన్న కారు అడుగుదాం తియ్" అన్నాడు. ఆ మధ్యాహ్నమే వరంగల్ తిరిగి వచ్చి షోరూముకు పోయాను. ఆ నాలుగు రోజులు పన్నెండు రోజులయ్యాయి.

నర్సింగరావు గారి గీత

నేను చేరినప్పుడు బ్రేకుల విభాగానికి నర్సింగరావు గారు ఫోర్‌మన్. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆయన ఏ పుస్తకంలోనూ లేని ఒక పరీక్ష పెట్టారు. బ్రేకు పని పూర్తయిన బస్సును యార్డు చివరి నుంచి ఒక నిర్ణీత వేగంతో తెచ్చి, ఒక గుర్తు దగ్గర బ్రేకు తొక్కాలి. బస్సు ఆగవలసిన చోట నేల మీద సుద్దతో అడ్డంగా గీత గీసేవారు. ఆ గీత మీద, ఎడమ ముందు చక్రం దారిలో, బ్రేకు బిగించిన ఫిట్టరు సద్ది డబ్బా పెట్టాలి. ఫిట్టరు డ్రైవరు పక్కన కూర్చోవాలి.

"కాయిదం మీద సంతకం ఎవ్వడన్న పెడ్తడు. నీ కూడు పెట్టు, చూద్దం" అనేవారు.

మొదటి ఏడాదిలో నా డబ్బా రెండుసార్లు చక్రం కింద నలిగింది. రెండోసారి తప్పు నాదేనని నాకు ముందే తెలుసు. ఆయిలు పీల్చుకున్న లైనరును కిరోసిన్‌తో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, కొత్తదానిలా చేసి బిగించాను. ఆయిలు తాగిన లైనరు ఎంత కడిగినా మారదు. వేడెక్కగానే లోపలి ఆయిలు మళ్లీ పైకి వస్తుంది. బస్సు గీత దాటి బారెడు దూరం పోయింది. కిందకు దిగి చూస్తే అన్నం, పచ్చిపులుసు, సుద్ద అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు.

"సమ్మయ్య ఇయ్యాల బస్సుకు తినవెట్టిండు" అన్నాడొకడు.

నర్సింగరావు గారు నవ్వలేదు. తన డబ్బా మూతలో సగం అన్నం పెట్టి నా ముందుకు జరిపారు. "డబ్బా పోతె డబ్బా దొరుకుతది. రోడ్డు మీద గీత ఉండదు రా" అన్నారు. ఆ తర్వాత ఎన్నో శిక్షణలకు పోయాను. అంతకంటే పెద్ద పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. ఈ చేతులతో బిగించిన బ్రేకు వల్ల ఒక్క ప్రాణమైనా పోలేదని ఈ రోజు ధైర్యంగా రాయగలుగుతున్నానంటే, అది ఆ అరడబ్బా అన్నం పుణ్యం.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ రోజుల్లో డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదేవాళ్లం. అది ముఖం నిండా పడేది. అది మంచిది కాదని మాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను. తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మగతనం దుమ్ము మింగడంలో లేదు.

నంబరు మీద నా నమ్మకం

నర్సింగరావు గారు దిగిపోయాక కొన్నాళ్లకు ఆ కుర్చీ నాకు వచ్చింది. గీతనూ డబ్బానూ అలాగే ఉంచాను. ఒక నియమం మాత్రం కొత్తగా కలిపాను: కేటలాగులో ఆ బండికి రాసి ఉన్న నంబరు సామానే వెయ్యాలి. పాత ముక్కను చేతిలో పట్టుకొని, పోలిక చూసి ఇంకొకటి తెచ్చి వెయ్యకూడదు.

దానికి కారణం ఉంది. ఒక ఫిట్టరు చూపుకు ఒకేలా ఉన్న వేరే స్ప్రింగు వేశాడు. బస్సు గీతనే కాదు, యార్డు గోడను కూడా దాటింది. గోడ అవతల ఆ సమయంలో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. కాబట్టి నియమం మంచిదే. ఇప్పటికీ నంబరు చూడకుండా సామాను కొనమని నేను ఎవరికీ చెప్పను.

కానీ నేను ఆ నియమంతో ఆగలేదు. "సాంపిల్ పట్టుకొని తిరిగేటోడు ఫిట్టరు కాదు, హమాలీ" అని కుర్రవాళ్ల ముందు అనేవాణ్ని. అలా అనగా అనగా ఆ మాట నా ఒంట్లోకి దిగిపోయింది. అందుకే ఈ ఆగస్టులో మూడు జతల షూలు కూర్చోకపోయినా, పాత షూను చేతిలో పట్టుకొని దుకాణం మెట్లు ఎక్కడానికి నాకు మనసు ఒప్పలేదు.

నా తప్పు ఎక్కడుందో కచ్చితంగా రాస్తాను. వచ్చిన ప్రతి కొత్త షూను వెర్నియర్ పెట్టి కొలిచాను. కొలతలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. కేటలాగు అంకెలతో సరిపోయాయి. పాత షూను ఒక్కసారి కూడా కొలవలేదు. అది బండిలోంచి వచ్చింది కదా, దాన్ని కొలిచేదేమిటని అనుకున్నాను. మూడు చోట్ల కొన్న సామాను మూడుసార్లు ఒకే తీరుగా కూర్చోలేదంటే, తప్పు ఆ మూడు చోట్లా ఉండదు. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు.

యాకూబ్ దుకాణం

పాత వాహనాల సామాను అమ్మే ఆ దుకాణంలో గోడ నిండా మేకులు, మేకుకొక బ్రేకు ముక్క. దేని మీదా చీటీ లేదు. యాకూబ్ అరవై దాటిన మనిషి. స్టూలు మీద కూర్చొని, ఒడిలో ఒక సిలిండరు పెట్టుకొని తుడుస్తున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి ఫోర్‌మన్ సాబ్."

వరంగల్‌లో బండ్లు బాగుచేసే వాళ్లలో చాలామంది నన్ను అలాగే పిలుస్తారు. నేను పట్టించుకోలేదు. నంబరు రాసిన చీటీ ఇచ్చాను. అతను దాన్ని తీసుకోలేదు.

"సాంపిల్ తెచ్చిండ్రా సాబ్?"

"నంబరిచ్చిన గద."

"నంబరు బండి పుట్టిననాడు రాసింది. గా తర్వాత అది ఎన్ని చేతులు తిరిగిందో నంబరుకేం ఎరుక? పాత షూ తెండ్రి. తెస్తేనే కొత్తదాని ముచ్చట."

"నేను బ్రేకుల ఫోర్‌మన్‌ను."

"ఎరుకనే సాబ్. అయినా తెండ్రి."

అక్కడున్న ఆటో డ్రైవర్లు ఇద్దరు మొహాలు తిప్పుకొని నవ్వారు. నేను గట్టిగా నాలుగు మాటలు అన్నాను. చదువు లేనివాడికి దుకాణం ఎందుకన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుపడుతున్నాను, కానీ అన్నమాట అన్నట్టే రాయాలి. యాకూబ్ మళ్లీ సిలిండరు తుడవడంలో పడ్డాడు.

మర్నాడు మళ్లీ పోయాను. కేటలాగు పేజీ జిరాక్సు తీసుకుపోయాను. యాకూబ్ ఆ కాగితం వైపు చూసి, "బొమ్మ మంచిగున్నది సాబ్. కూసోండ్రి, చాయ్ తాగి పోండ్రి. షూ మాత్రం జర తెండ్రి" అన్నాడు. నేను చాయ్ తాగలేదు. ఇంటికి వచ్చి దాన్ని కూడా అన్యాయాల జాబితాలో రాశాను.

గురువారం

ఏడో తేదీ గురువారం ఎవరో కారు ఇచ్చారు. పదకొండో తేదీ సోమవారం బస్సులో వచ్చి, తిరిగి పోయేటప్పుడు ప్రభాకర్ రెండుసార్లు దారిలో దిగి కూర్చోవలసి వచ్చిందట. పద్నాలుగో తేదీకి మాట్లాడుకున్న కారు రాలేదు. మిగతా ముగ్గురు తమ తిప్పలు తాము పడి ఎలాగో చేరుకున్నారు. "బస్సుల మల్ల నా వల్ల గాదు. ఒక్కపూట తప్పితె ఏమైతది" అని ప్రభాకర్ ఇంట్లోనే ఉండిపోయాడు.

తెల్లవారేసరికి అతనికి ఊపిరి ఆడలేదు. కాళ్లు, ముఖం వాచాయి. సుజాత పక్కింటివాళ్ల బండి అడిగి దవాఖానకు తీసుకువచ్చింది. నేను పోయేసరికి, దయగల ఒక నర్సు ఎవరిదో వంతు జరిపి అతన్ని యంత్రం మీదికి ఎక్కించింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. గంటన్నర తర్వాత అతని ఊపిరి కుదుటపడింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయి, సుజాతను చూసి ఆపేశాడు.

వరండాలో సుజాత నా మీద కోప్పడుతుందనుకున్నాను. ఆమె బట్టల సంచిలోంచి పాత గుడ్డలో చుట్టిన ఒక బరువైన వస్తువు తీసి నా చేతిలో పెట్టింది. విప్పకముందే అర్థమైంది. బండి పాత షూ.

"ఆ దుకాణపాయన ఇదే తెమ్మన్నడని నువ్వే చెప్పినవ్ గద మామా. గంత ఆగమాగంల గూడ నాకు ఇదే యాదికొచ్చింది. పట్టుకపో."

"పొద్దుగాల ఆయనను బండెక్కిచ్చుకుంట ఇది గూడ తెచ్చినవా?"

"ఆయనకు ఇయ్యాల యంత్రం దొరికింది. సోమవారానికి బండి గావాలె గద."

ఇన్నేళ్లలో పై అధికారులు నన్ను చాలాసార్లు మందలించారు. ఏ మందలింపూ ఇంత నెమ్మదిగా లేదు. ఆ రోజు దుకాణాలు మూసి ఉన్నాయి, పంద్రాగస్టు. ఇంటికి వచ్చి మొదటిసారిగా పాత షూకు వెర్నియర్ పెట్టాను. కొత్తవాటి కంటే అది చిటికెన గోరంత వెడల్పు ఎక్కువ.

వేలితో చదివిన మనిషి

పదహారో తేదీ దుకాణం తెరవకముందే పోయి మెట్ల మీద కూర్చున్నాను. యాకూబ్ వచ్చి షట్టరు ఎత్తి, గుడ్డ విప్పి, షూను చేతిలోకి తీసుకున్నాడు. నంబరు కోసం చూడలేదు. అంచు వెంట బొటనవేలు నడిపాడు, చివరి గంటు దగ్గర ఆపాడు.

"ఇది సవారీ బండిది గాదు సాబ్. సామాన్లు మోసే ట్రాలీ బండిది. మీ బండికి ఎనుక హౌసింగు మార్చిండ్రు. ఎప్పుడో గుద్దుకున్నట్టుంది."

హౌసింగు అంటే వెనక రెండు చక్రాలనూ కలిపే ఇనుప భాగం. బండి కాగితాల్లో ఆ మార్పు ఎక్కడా లేదు. మధ్యవర్తి చెప్పలేదు. నేను పన్నెండు రోజులుగా లేని చక్రాలకు సామాను కొంటున్నాను.

"గయితె ట్రాలీ బండి షూలు ఇయ్యి."

"కొత్త షూలు ఎందుకు సాబ్? రేకు మంచిగున్నది, ఒంగలే. దీని మీదనే కొత్త లైనరు రివెటు కొట్టిద్దాం. సగానికి సగం ఖర్చు తప్పుతది. డ్రమ్ములు తెప్పియ్యండ్రి, లేత్ మీద లోపలి గోడ సాపు జేపిద్దాం. దళసరి తక్కువైతె మాత్రం పారెయ్యాలె, గప్పుడు నా తాన మంచి జత ఉన్నది."

"సిలిండర్లు?"

"సిలిండర్లల్ల రబ్బరు సామాను నా తాన కొనకుండ్రి. పాత రబ్బరు అమ్మితె పాపం తగుల్తది. అది కంపెనీదే తెండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, అయితది."

పిల్లలూ, తక్కువ ఖర్చులో బ్రేకు పని చేయించే విద్య మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. ఇనుము పాతదైనా పరవాలేదు; కొలిచి, వంపు లేదని, పగులు లేదని చూసి తీసుకోవచ్చు. అరిగేదీ, నానేదీ, సాగేదీ కొత్తదే కొనాలి: లైనరు, రబ్బరు, ద్రవం, గొట్టం. పేదవాడి బండి అని రబ్బరు దగ్గర పొదుపు చేసేవాడు పేదవాడికి మేలు చేయడం లేదు. అమ్మకానికి ఉన్నదాన్ని కూడా కొనవద్దని చెప్పే దుకాణదారు దొరికితే, వాడి మెట్లు వదలకండి.

డ్రమ్ములు సుజాత తొర్రూరు నుంచి తెలిసినవాళ్ల బండిలో పంపించింది. సాయంత్రానికి అన్నీ సిద్ధమయ్యాయి. మొత్తం ఖర్చు నేను షోరూములో కొన్న మొదటి జత ధరకు లోపే తేలింది.

ఆదివారం

పదిహేడో తేదీ నేను తొర్రూరు బస్సెక్కబోతుంటే యాకూబ్ బస్టాండులో కనిపించాడు. చేతిలో సంచి ఉంది.

"నా సామాను పడ్డ బండి సాబ్. ఆగుతదో లేదో చూడొద్దా?"

ఇద్దరం కలిసి బిగించాం. అతను షూ ఎక్కిస్తే నేను స్ప్రింగు లాగాను. బ్రేకు గొట్టంలో చేరిన గాలి తీసేటప్పుడు సుజాత పెడలు తొక్కింది. ప్రభాకర్ అరుగు మీద కుర్చీలో కూర్చొని, "ఇద్దరు ముసలోళ్లు గలిసి నా బండికి లగ్గం జేస్తాండ్రు" అని నవ్వించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది.

ఊరి బయట ఎవరూ లేని రోడ్డు మీదికి బండిని తీసుకుపోయాం. సుజాత దూరం నుంచి నడుపుకొని రావాలి. నేను ఆమెకు వేగం చెబుతుండగా, యాకూబ్ సంచిలోంచి సుద్దముక్క తీశాడు. రోడ్డు మీద అడ్డంగా గీత గీశాడు. తర్వాత తన సద్ది డబ్బా తీసి, గీత మీద, ఎడమ ముందు చక్రం దారిలో పెట్టాడు. బండి దగ్గరికి నడిచి పోయి, డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాడు.

ఆ పద్ధతి ఈ లోకంలో ఒకే ఒక్క యార్డులో ఉండేది.

సుజాత బండిని వెనక్కి తీసుకుపోయింది, నేను గీత పక్కనే నిలబడ్డాను. బండి వచ్చింది, సుజాత తొక్కింది. ఏ పక్కకూ లాగకుండా, డబ్బాకు రెండు జానల ముందు ఆగింది. యాకూబ్ దిగి, డబ్బా తీసి, దుమ్ము దులిపాడు.

"నువ్వు మా వర్క్‌షాపుల చేసినవా?" అని అడిగాను.

"ఎనిమిది నెలలు సాబ్, టెంపరరీల. మీ చేతి కిందనే."

"మరి మొన్న ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే గద."

ఇంటికి తిరిగి పోయి, ఆ డబ్బాలోని జొన్నరొట్టె, వంకాయ కూర నలుగురం పంచుకొని తిన్నాం. ప్రభాకర్ తినకూడనివి ఎక్కువ కాబట్టి సుజాత అతనికి చిన్న ముక్క ఇచ్చి లెక్క చూసింది. పద్దెనిమిదో తేదీ సోమవారం పొద్దున ఆరింటికి బండి బయల్దేరింది. నలుగురూ యంత్రం మీదికి సమయానికి చేరారు. ఆ రోజు నుంచి ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

పాత పేజీ

ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకాలు దించాను. రెండు రోజులు వెతికాను. దొరికింది. ముప్పై ఏళ్ల కిందట నా చేతిరాతతోనే కుడి పేజీలో ఇలా ఉంది:

"టెంపరరీ ఫిట్టరు యాకూబ్, కేటలాగు నంబరు షూ కూర్చోవడం లేదని చెప్పి, సాంపిల్ చూసి వేరే మోడలు షూ వేశాడు. బండి వెనక హౌసింగు పుట్టినప్పటిది కాదని అతని వాదన. పరీక్షలో బండి గీత లోపే ఆగింది. డబ్బా భద్రం. అయినను నియమ ఉల్లంఘన. పనిలోంచి తొలగించుటకు సిఫారసు చేయడమైనది."

"డబ్బా భద్రం" అని నేనే రాశాను. చదివినకొద్దీ ఆ రెండు మాటల దగ్గరే నా కళ్లు ఆగుతున్నాయి. నర్సింగరావు గారి పరీక్షలో నెగ్గినవాణ్ని నా నియమం కోసం ఇంటికి పంపాను. అతను చెప్పింది నిజమో కాదో బస్సు కిందికి దూరి కొలిచి చూడలేదు. ఎడమ పేజీ ఖాళీగా ఉంది. అతను జవాబు చెప్పక కాదు, నేను అడగక.

ఆగస్టు 14 నాటి ఎనిమిదో అంశం ఎదుట, బాధ్యులు అన్న చోట, నా పూర్తి పేరు రాసి సంతకం చేశాను. ఆరు, ఏడు అంశాలు కొట్టివేశాను. షూలు కూర్చోలేదని షోరూము మీద, బస్టాండు దుకాణం మీద, ఫోనులో అమ్మినవారి మీద రాసినవి వెనక్కి తీసుకున్నాను. వాళ్లు నేను అడిగిన నంబరే ఇచ్చారు. నలభై నిమిషాలు నిలబెట్టిన సంగతి, మధ్యవర్తి సంగతి మాత్రం అలాగే ఉంచాను. వాటిలో న్యాయం నా వైపే ఉంది.

మిగిలినది ఒక్కటే కాగితం. దాని ప్రతి ఇక్కడ జతపరుస్తున్నాను.

శ్రీ యాకూబ్ గారికి

విషయం: సంజాయిషీ కోరుట.

ఎవరినైనా పనిలోంచి తొలగించే ముందు వారి సంజాయిషీని లిఖితపూర్వకంగా కోరవలెనని నియమం. టెంపరరీ వారికి ఆ నియమం వర్తించదని నాకు నేనే చెప్పుకొని, మీ విషయంలో దాన్ని పాటించలేదు. ఆ తప్పు పూర్తిగా నాది. ముప్పై ఏళ్ల ఆలస్యంగా ఈ కింది ప్రశ్నలకు మీ సమాధానం కోరుతున్నాను.

ఒకటి. ఆ బస్సు హౌసింగు మారినదని మీరు ఆనాడు ఎలా కనిపెట్టారు? కొత్తగా పనిలోకి వచ్చేవారి కోసం వివరంగా తెలుపగలరు.

రెండు. గీత మీద మీ డబ్బా భద్రంగా ఉండగా మిమ్మల్ని పంపివేసిన రోజు, ఇంటికి పోయి మీవాళ్లకు ఏమని చెప్పారు?

మూడు. ఆగస్టు 12న నలుగురి ముందు నేను అన్న మాట విని కూడా, నన్ను గుర్తుపట్టి కూడా, 13న నాకు చాయ్ ఎందుకు ఇవ్వబోయారు?

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలెను. రాయడం రాదన్న కారణం అంగీకరించబడదు. మీరు చెబుతూ ఉంటే మీ దుకాణం మెట్ల మీద కూర్చొని, చెప్పినది చెప్పినట్టు నేనే రాస్తాను. చివర మీరు వేలిముద్ర వేస్తే చాలును. పుస్తకం వెంట తెస్తాను. అందులో ఎడమ పేజీ మీకోసం ఖాళీగా ఉంది.

ఇట్లు,
జి. సమ్మయ్య,
విశ్రాంత ఫోర్‌మన్, బ్రేకుల విభాగం,
వరంగల్.